పద్నాలుగో నంబరులో నిక్కజుట్టోడు

నేను ఒక మాడ్యులేటర్ని. పేరు వినగానే మొహం అలా ముడుచుకోకండి. ఒకప్పుడు మీ ఇంట్లో డబ్బా టీవీ ఉండేది. దాని వెనకనుంచి నల్ల తీగ ఒకటి బయలుదేరి, కిటికీ సందులోంచి బయటపడి, పక్కింటి పిట్టగోడ మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా ఎక్కడికో వెళ్లిపోయేది. ఎక్కడికని మీరెప్పుడూ అడగలేదు. నా దగ్గరికే. డాబా మీది గొడుగు ఆకాశంలోంచి పట్టి తెచ్చిన బొమ్మనీ మాటనీ తీగలో నడిచేటట్టు తయారుచేసి, ఒక నంబరు తగిలించి మీ ఇళ్లకు పంపేదాన్ని. ఒక్కో చానెల్‌కి నాలాంటి పెట్టె ఒకటి ఉండాలి. మీరు టీవీకి ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పారు, రిమోట్‌కి ప్లాస్టిక్ తొడుగు వేశారు. నన్ను మాత్రం పలకరించిన పాపాన పోలేదు. పెళ్లిభోజనం తిన్నవాళ్లు వంటవాడి పేరు అడుగుతారా ఏమిటి!

పుట్టింది ఢిల్లీలో, ఒక ఇరుకు సందులో, మూడో అంతస్తు గదిలో. నన్ను అతికినాయన పని చేస్తున్నంతసేపూ పాడేవాడు. ఒక్క పాటకీ శ్రుతి కుదిరేది కాదు. ఆ సావాసం వల్లనేమో, వేడెక్కితే నేనూ సన్నగా జుయ్యిమని రాగం తీస్తాను. మొదట ఒంగోలులో ఒకాయన నన్ను కొన్నాడు. కేబుల్ వ్యాపారమంటే వీధివీధికీ తిట్లు తినడమని నాలుగు నెలల్లోనే తెలుసుకొని, రొయ్యలైతే ఎదురు మాట్లాడవు కదా అని చెరువుల వైపు వెళ్లిపోయాడు. ఆయన దగ్గరనుంచి చీరాల భావనారాయణ చేతికి వచ్చాను. బస్సులో నన్ను ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. పక్కసీటు మనిషి దారిపొడుగునా నా మీద వేరుశనక్కాయలు పగలగొట్టుకుని తిన్నాడు.

భావనారాయణ కంట్రోల్ రూము మగ్గాల వీధిలో ఒక మేడ మీద గది. అప్పటికే అక్కడ పదమూడు పెట్టెలు ఇనప అరల్లో దర్జాగా కూర్చుని ఉన్నాయి. పద్నాలుగోదాన్నైన నాకు అర మిగల్లేదు. అన్నిటికన్నా పైన, చెక్క ముక్క మీద కూర్చోబెట్టాడు. ఆ పదమూడింటికీ తలా ఒక చానెల్. నాకు మాత్రం నాలుగు. పొద్దున భక్తి, మధ్యాహ్నం వంటలు, సాయంత్రం అయిదింటికి పిల్లల కార్టూన్లు, ఏడింటినుంచి భావనారాయణ సొంతంగా వేసే సినిమా. ఇంకో పెట్టె కొనే స్తోమత లేక, వేళకి వచ్చి ఒక తీగ పీకి ఇంకో తీగ పెట్టేవాడు. ఒక్కోరోజు మధ్యాహ్నం వంటలకి బదులు భక్తే అయిదింటిదాకా సాగేది. ప్రవచనం చెప్పే స్వామివారు "మోక్షానికి దారి ఏమిటంటే" అన్నచోట తీగ ఊడేది. ఆ క్షణమే జపాను పిల్లాడొకడు గావుకేక పెట్టి కొండ మీదనుంచి దూకేవాడు. దారి అదేననుకుని ఎవరూ దూకకపోవడం మా ఊరి అదృష్టం.

నాకు ఇంకో ప్రత్యేకత ఉంది. నాకు ఒక మైకు తగిలించి ఉండేది. రేపు కరెంటు ఉండదు, కుళాయి గంట ఆలస్యం, ఫలానా వీధిలో మేకపిల్ల తప్పిపోయింది, ఇలాంటివి భావనారాయణ అందులో చెప్పేవాడు. ఆ మైకు స్విచ్చే ఈ కథకు మూలం.

అప్పట్లో సాయంత్రం అయిదుకి ఒక జపాను బొమ్మల సీరియల్ వచ్చేది. జుట్టు ముళ్లకంపలా నిక్కబొడుచుకున్న ఒక పిల్లవాడు ఏడు దీవులు తిరుగుతుంటాడు. వాడికి తోడు చారడేసి కళ్ల పిల్ల ఒకతి. అడుగడుగునా అడ్డం పడే వెండిజుట్టు మనిషి ఒకడు. ఆ లోకం తీరే వేరు. ఎక్కడా గాలి ఉండదు, జుట్టు మాత్రం ఎగురుతూ ఉంటుంది. ఒకడు ఇంకొకణ్ణి కొట్టాలంటే ముందు వాడి పేరు, కొట్టబోయే దెబ్బ పేరు, దాని పూర్వోత్తరాలు అరిచి మరీ చెప్పాలి. ఎదుటివాడు పారిపోకుండా మర్యాదగా నిలబడి వినాలి. సోమవారం ఎత్తిన పిడికిలి ఆ పై వారం గురువారానికి తగిలితే త్వరగా తగిలినట్టు. మాటలన్నీ హిందీ. మగ్గాల వీధి పిల్లలకు హిందీ రాదు. అయినా కళ్లార్పకుండా చూసేవాళ్లు. మనిషికి అర్థం కానిదాని మీద ఉన్నంత భక్తి అర్థమైనదాని మీద ఉండదని నేను పొద్దుటి చానెల్ దగ్గరే కనిపెట్టాను.

ఒక సాయంత్రం భావనారాయణ మైకులో నీళ్ల ట్యాంకు కడుగుతున్నారని చెప్పి, స్విచ్చి ఆపడం మరిచి టీకి దిగిపోయాడు. గదిలో వీరనాగమ్మ ఊడుస్తోంది. అరవై దాటిన మనిషి, సన్నగా చీపురుపుల్లలా ఉండేది. గొంతు మాత్రం నాలుగు వీధులకు సరిపోయేది. మేడ మెట్ల కింద గదిలో ఉంటూ పైగది ఊడ్చి, దుమ్ము తుడిచి పోయేది. దసరాకి పద్నాలుగు పెట్టెలకూ కుంకుమ బొట్టు పెట్టింది కూడా ఆవిడే. ఆవేళ గదిలోని చిన్న టీవీ తెర మీద నిక్కజుట్టు పిల్లవాడు చేతులు చాచి ఏదో మొత్తుకుంటున్నాడు. వీరనాగమ్మ చీపురు ఆనించి నిలబడింది.

"ఏందిరా అబ్బయ్యా ఆ అరుపు? ఆకలేస్తందా? పొద్దుననగా తిన్నావు గదా, ఎంతసేపని తిరుగుతావు? అదుగో, ఎండిజుట్టోడు వచ్చె. ఒరే, వాడు నీ మేనమామ గాదంట్రా? ఆ ముక్కు చూడు, మేనమామ పోలిక కనపడతల్లా? మామ మీదకి చెయ్యెత్తబాక, కళ్లు పోతయ్!"

అంతటితో ఆగలేదు. నిక్కజుట్టోడికి ఒక గొంతు పెట్టింది, చారడేసి కళ్ల పిల్లకు ఒక గొంతు, ఎండిజుట్టోడికి పొట్టలోంచి తీసిన బొంగురు గొంతు. అరగంటసేపు ఒక్కతే ముగ్గురై మాట్లాడింది. అదంతా నాలోంచే ఆరువందల ఇళ్లకు పోయింది. హిందీ అరుపులు కింద సన్నగా, పైన మన వీరనాగమ్మ. నాకు ఎంత భయం వేసిందో చెప్పలేను. ఆ మైకునుంచి ఎప్పుడూ మేకపిల్లకి మించిన కబురు మోసిన ఒళ్లు కాదు మరి.

భావనారాయణ పరుగెత్తుకొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. తిట్లకు సిద్ధపడి ఎత్తాడు. అవతల ఎవరో ఇల్లాలు.

"ఏమయ్యా భావనారాయణా, మేనమామ అయ్యుండి పిల్లోణ్ణి అట్టా కొడతాడా? రేపేమవుద్ది?"

ఆ మాట మరో తొమ్మిదిమంది అడిగారు. మర్నాడు అయిదుకి భావనారాయణ స్టూలు వేసి, వీరనాగమ్మను మైకు ముందు కూర్చోబెట్టాడు.

అసలు సంగతేమిటంటే, వీరనాగమ్మ పుట్టింది తోలుబొమ్మలాట ఇంట్లో. తండ్రి బొమ్మలు ఆడిస్తే ఈవిడ తెర వెనక ఆడగొంతులన్నీ పలికేది, అవసరమైతే మగగొంతులూ. ఆ ఆటలు పోయి ముప్ఫై ఏళ్లయింది. గొంతు ఎక్కడికీ పోలేదు, లోపలే కూర్చుని ఉంది. మనుషులు చీపురు పట్టుకున్నవాళ్లను గొంతు ఉందా అని అడగరు కనక ఎవరికీ తెలియలేదు.

ఆ తరవాత మూడేళ్లు మా ఊరు చవిచూసిన జపానును జపాను వాళ్లు కూడా చూసి ఉండరు. గాలిలో పిడికిలి ఆగిపోయిన రోజుల్లో ఆవిడ ఖాళీగా ఉండేది కాదు. నిక్కజుట్టోడి తాతముత్తాతల పేర్లు చెప్పేది, ఆ దీవిలో పండే కూరగాయలు చెప్పేది. "ఈ గుద్దు రేపటికిగానీ తగలదు. రెండో వీధోళ్లు ఈలోగా నీళ్లు పట్టుకోండి, కుళాయొచ్చింది" అనేది. మధ్యాహ్నం నేను వంటలు మోస్తుండగా అందులో చూసిన కూరనే సాయంత్రం చారడేసి కళ్ల పిల్ల చేత వండించేది. మగ్గాల మీద మగవాళ్లు చేత్తో నేస్తూ చెవితో వినేవాళ్లు. భక్తి మధ్యలో ఆగిందని తిట్టే పెద్దవాళ్లు కూడా నాలుగున్నరకే ఫోన్ చేసి "ఇంకా మార్చలేదేం?" అని తిట్టడం మొదలుపెట్టారు.

ఒప్పుకోనిది ఒక్కతే. పేరు హిమజ, తొమ్మిదేళ్ల పిల్ల, మూడో మగ్గం వాళ్లమ్మాయి. ట్యూషన్లో హిందీ పరీక్షలకు చదువుతోంది. ఒక రోజు పుస్తకం చంకన పెట్టుకుని మేడ మెట్లెక్కి వచ్చేసింది.

"అవ్వా, నువ్వు చెప్పేదంతా తప్పు. వాడికి ఆకలి కాదు. వాళ్లక్క తప్పిపోయింది. ఏడో దీవిలో ఇనప తలుపెనకాల ఉందంట. అక్క కోసం తిరగతన్నాడు."

"అక్క కోసం తిరిగేవాడికి ఆకలెయ్యదా ఏంది?"

హిమజ కొంచెం తగ్గి, "ఎండిజుట్టోడు మేనమామ కూడా కాదు" అంది.

"ఎవరు చెప్పారు?"

"వాళ్లే చెప్పారు. శత్రువంట."

"పిచ్చిపిల్లా, మేనమామ శత్రువు గాగూడదని యాడన్నా రాసుందా?"

ఆనాటినుంచి హిమజ రోజూ వచ్చి పక్కన కూర్చునేది. అసలు కథ చెవిలో చెప్పేది. వీరనాగమ్మ అందులో నచ్చింది తీసుకునేది, నచ్చనిది వదిలేసేది, సంతలో వంకాయలు ఏరుకున్నట్టు. అక్క మాత్రం నచ్చింది. అక్క పేరెత్తితే ఆవిడ గొంతు మెత్తబడేది. ఊరు ఊరంతా ఆ అక్క కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది.

చివరికి నిక్కజుట్టోడు ఏడో దీవి చేరాడు. ఇనప తలుపు ముందు నిలబడి పిడికిలి ఎత్తాడు. పదకొండు రోజులు అరిచాడు. పన్నెండో రోజు తలుపు సందులోంచి వెలుగు గీతలా వచ్చింది. అంతే, ఆ రోజుకి ముగింపు పాట వచ్చేసింది. ఆ రాత్రి మా వీధిలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదని విన్నాను.

మర్నాడు అయిదుకి చూస్తే నిక్కజుట్టోడు సొంత ఊళ్లో చేపలు పడుతున్నాడు.

వీరనాగమ్మ తడబడలేదు. "తలుపు ముందు నిలబడి చిన్నతనం గుర్తు చేసుకుంటన్నాడు" అంది. రెండో రోజూ అదే అంది. నాలుగో రోజు హిమజ మెల్లిగా చెవిలో చెప్పింది. "అవ్వా, కథ మళ్లీ మొదటికొచ్చింది."

నిజమే. చానెల్ వాళ్లు చివరి భాగం వెయ్యకుండా తిరిగి మొదటినుంచీ మొదలుపెట్టారు. ఎందుకో మాకు తెలియదు, చెప్పేవాళ్లు లేరు. మళ్లీ ఏడు దీవులు, మళ్లీ పదకొండు రోజులు. ఈసారి వీరనాగమ్మ తను కల్పించినవే కొన్ని మరిచిపోయి, ఎండిజుట్టోణ్ణి పెదనాన్నను చేసింది. పిల్లలు ఊరుకుంటారా? ఫోన్ల మీద ఫోన్లు. "అది వెనకటి కల్పం. ఇది ఇంకో కల్పం. కల్పానికొక రకంగా జరుగుద్ది" అని మైకులో తేల్చేసింది. పొద్దుటి స్వామివారు కూడా ఇలాగే సర్దుకోవడం నేను మోశాను గనక ఏమీ అనుకోలేదు. రెండోసారి కూడా తలుపు సందులో వెలుగు కనబడింది. మర్నాడు చేపలు.

అప్పటినుంచి వీరనాగమ్మకు అన్నం సయించడం మానేసింది. భావనారాయణ "పోనీలే పెద్దమ్మా, బొమ్మలే గదా" అన్నాడు. ఆవిడ అతన్ని చూసిన చూపుకి నేనే ఒకసారి జుయ్యిమన్నాను.

"బొమ్మలే గదా అని నువ్వంటే సరిపోయిందయ్యా. ఆట మొదలెడితే కథ ఒడ్డున పడెయ్యాల. మంగళం పాడాల. ఆ పాట వింటేనే బొమ్మలు పడుకుంటయ్. పాడకుండా బుట్టలో పెట్టామనుకో, లోపల కళ్లు తెరుచుకునే ఉంటయ్." చీపురు పక్కన పడేసి చెప్పింది. "మా నాయన ఆఖరాట పర్చూరు అవతల. సగం కథలో పక్కూళ్లో సినిమా ఏశారని జనం లేచిపోయారు. చాపలు, మేము మిగిలాం. ఎవరికి పాడమంటావే మంగళం అని మా నాయన బొమ్మలు బుట్టలో పెట్టేశాడు. మళ్లీ మమ్మల్ని ఎవరూ పిలవలా. ఆయన అదే దిగులుతో పోయాడు. బుట్ట ఇప్పటికీ నా మంచం కిందే ఉంది, నేను తెరవలా. ఆ ఒక్కటీ చాలు నాకు. ఈ పిల్లోడి కథ కూడా మధ్యలో ఒదిలేసి పొమ్మంటావా?"

భావనారాయణ చానెల్ వాళ్ల నంబరు సంపాదించి, తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని ఫోన్ చేశాడు. అవతల చాలాసేపు సంగీతం వినిపించి పెట్టేశారు.

మూడోసారి కథ ఏడో దీవి దగ్గర పడుతుండగా ఊళ్లో కొత్త తీగ వెయ్యడం మొదలైంది. ఏదో పెద్ద కంపెనీ, చానెళ్లన్నీ ఇక పెద్ద ఊరినుంచే వస్తాయట, బొమ్మ అద్దంలా ఉంటుందట. కంట్రోల్ రూములూ, పద్నాలుగు పెట్టెలూ, మైకులూ అక్కర్లేదు. శుక్రవారం సాయంత్రం ఏడుకి మమ్మల్ని ఆపెయ్యాలని తేలింది. భావనారాయణ లెక్కపెట్టి చూశాడు. గురువారం తలుపు సందులో వెలుగు వస్తుంది. చానెల్ వాళ్లకు బుద్ధి పుడితే శుక్రవారం అక్క కనబడుతుంది. పుట్టకపోతే ఇక ఎన్నటికీ లేదు.

"పుట్టదు" అంది వీరనాగమ్మ. బుధవారం పొద్దున మంచం కింద బుట్ట బయటికి లాగింది. గదిలోకి తెచ్చి, దాని ముందు గంటసేపు కూర్చుంది, మూత మీద చెయ్యి వేసి. హిమజ అప్పటికి పన్నెండేళ్ల పిల్ల. ఆ అమ్మాయే అడిగింది. "భయమా అవ్వా?"

"బొమ్మలంటే భయం గాదే. మళ్లీ సగంలో జనం లేచిపోతేనో? టీవీలో లేచిపోయేది కూడా కనపడదు. ఎవరింట్లో వాళ్లు టక్కున నొక్కేస్తారు."

అది నాకు బాగా తెలిసిన బాధ. నేను పంపుతాను, అంతే. తీగ అవతల ఎవరు చూస్తున్నారో, ఎవరు నిద్రపోతున్నారో నాకు చేరదు. పదేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా చేరలేదు.

మూత తెరిచారు. ఏడు బొమ్మలు మిగిలి ఉన్నాయి. అంచులు చిరిగినా రంగులు పోలేదు. వీరనాగమ్మ ఒక్కోదాన్నీ తీసి, మొహం తుడిచి, "అయిపోయిందిలే, ఇంక రెండ్రోజులే" అని చెప్పింది. రాజకుమారుడి బొమ్మకు కొబ్బరిపీచు కుట్టి నిక్కజుట్టు పెట్టారు. ఎండిజుట్టోడికి హిమజ నాన్న మగ్గం మీదనుంచి వెండి జరీ ఒక చుట్ట తెచ్చి ఇచ్చాడు. చారడేసి కళ్ల పిల్లకు మాత్రం ఏమీ చెయ్యక్కర్లేకపోయింది. మన తోలుబొమ్మలకు పుట్టుకతోనే చారడేసి కళ్లు. జపాను వాళ్లు ఎక్కడ చూసి గీశారోనని నాకు అప్పటినుంచీ అనుమానం.

శుక్రవారం అయిదు కొట్టింది. ఊరంతా మొదట చానెల్ బొమ్మే చూసింది. నిక్కజుట్టోడు చేపలు పడుతున్నాడు. భావనారాయణ ఒక బూతుమాట అని, నా వీపున ఉన్న తీగ పీకి, పెళ్లిళ్లు తీసే కెమెరా తీగ గుచ్చాడు. గదిలో అడ్డంగా కట్టిన తెల్ల పంచె, దాని వెనక టేబుల్ లైటు. పంచె మీద కొబ్బరిపీచు జుట్టు నీడ పడింది. వీరనాగమ్మ మైకు దగ్గరికి వంగింది.

కింద వీధిలో మగ్గాలు టకటకలాడుతూనే ఉన్నాయి. రోజూ ఆ చప్పుడు మాకు అలవాటే. ఆవేళ మాత్రం ఆవిడ దాన్నే వింటూ ఆగిపోయింది. ఎవరి పనిలో వాళ్లున్నారు, చాపలే మిగిలాయి అనుకుందేమో. హిమజ ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "చెప్పవ్వా, ఏడో దీవి" అంది.

చెప్పడం మొదలుపెట్టింది. ఏడు దీవులూ నాలుగు మాటల్లో దాటించింది. సముద్రం దగ్గరికి వచ్చేసరికి గొంతు తెరుచుకుంది. ఎండిజుట్టోడు తలుపుకి అడ్డం నిలబడితే, నిక్కజుట్టోడు వాడి కాళ్ల మీద పడి, "మామా, కొట్టుకుని కొట్టుకుని మూడేళ్లయింది, ఇంక నావల్ల గాదు" అన్నాడు. మామ కంట నీరు తిరిగి, పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు గమనించాను. కిటికీలోంచి వచ్చే టకటకల్లో ఒకటి తగ్గింది. ఇంకొకటి తగ్గింది. మా ఎదురిల్లు ఆగింది, దాని పక్కది ఆగింది. మూడేళ్లలో ఆ సీరియల్‌కి చెవి ఇచ్చారే గాని, ఒక్కడూ మగ్గం దిగలేదు. ఇప్పుడు వీధి పొడుగునా మగ్గాలు ఆగిపోతున్నాయి, ఇళ్ల కిటికీలన్నిట్లోంచీ వీరనాగమ్మ గొంతే తిరిగి మా గదిలోకి వస్తోంది. ఒక్కటి మాత్రం టక్, టక్ అని సాగుతూనే ఉంది. అది చివరింటి తాతది, ఆయనకు బొత్తిగా వినబడదు. ఎవరో పరుగెత్తుకు వెళ్లి భుజం తట్టినట్టున్నారు. అదీ ఆగింది.

వీధిలో ఇంక ఏ చప్పుడూ లేదు. వీరనాగమ్మ ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నది. ఆవిడ మొహంలో ముప్ఫై ఏళ్ల దిగులు దిగిపోవడం నేను చూశాను. నాకు కళ్లు లేవంటారా? బొట్టు పెట్టిన మొహం ఉంది, అది చాలు.

నిక్కజుట్టోడు తలుపు ముందు పిడికిలి ఎత్తాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని అరవబోయాడు. తలుపు కిర్రుమని దానంతటదే తెరుచుకుంది. గుమ్మంలో అక్క, చేతిలో అన్నం గిన్నె.

"ఏందిరా ఈ గోల, కల్పానికి పదకొండు రోజులు? ఒక్కసారి తోసి చూడకూడదంట్రా? నేను గడియ పెట్టుకోలా. ఎప్పటికన్నా వస్తావని తీసే ఉంచా. రా, అన్నం చల్లారిపోతంది. మామని గూడా రమ్మను."

తరవాత మగ్గాల వీధి మొత్తం ఒక్కసారిగా నవ్వింది. నా జీవితంలో తీగకి అవతలి మనుషులు నాకు వినబడింది ఆ ఒక్కసారే.

ఆ నవ్వు అణగకముందే వీరనాగమ్మ మంగళం ఎత్తుకుంది. వాళ్ల నాన్న వరసలోనే, పాత ఆటలో బొమ్మలకూ, నిక్కజుట్టోడికీ, వాళ్లక్కకీ, ఎండిజుట్టు మామకీ కలిపి ఒకే పాట. చివర నాకూ ఒక మాట కలిపింది, "మా మాట మోసిన పద్నాలుగో నంబరుకీ" అని. తరవాత ఏడు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి మూత వేసింది. ఏడింటికి భావనారాయణ స్విచ్చి ఆపాడు. నేను జుయ్యిమనడం మానేశాను.

వీరనాగమ్మ ఆ తరవాత రెండేళ్లు బతికింది. అన్నం బాగా తిన్నదని విన్నాను. నేను కొన్నేళ్లు భావనారాయణ ఇంట్లో గ్రైండరు కింద ఎత్తుపీటగా పనిచేశాను. పప్పు రుబ్బేటప్పుడు ఒళ్లంతా అదిరిపోయేది. అక్కడినుంచి సుభానీ పాతసామాన్ల కొట్టుకి వచ్చాను. ఇక్కడ నా చుట్టూ రిమోట్లు లేని టీవీలు, టీవీలు లేని రిమోట్లు ఉన్నాయి. గుడ్డ కప్పించుకున్న టీవీ ఒకటి ఇప్పుడు నా కిందే బోర్లా పడి ఉంది. నేనేమీ అనలేదు.

మొన్న ఒకావిడ పాత పేపర్లు అమ్మడానికి వచ్చింది. హైస్కూల్లో హిందీ టీచరట. సుభానీ పేపర్లు కట్ట కడుతుంటే ఊరికే అటూ ఇటూ చూసి, నా ముందు ఆగింది. నా నంబరు కాగితం ఇంకా ఊడలేదు. బొట్టు మరక కూడా ఉంది. చీర కొంగుతో దుమ్ము తుడిచింది. వీరనాగమ్మ మోచెయ్యి పట్టుకున్న ఆ చేతిని నేను మరిచిపోతానా? హిమజ.

సుభానీ కూడా మా ఊరివాడే, చిన్నప్పుడు రెండో వీధి. నన్ను చూపించి, "ఇదా మేడమ్? నిక్కజుట్టోడు వచ్చేవాడు గదా, ఆ నంబరు!" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఆ ఆఖరి భాగం ఇప్పుడు ఫోన్లో దొరకతందంట గదా. మీరు చూశారా?" అని అడిగాడు.

"చూశానండీ."

"ఏముంది అందులో?"

"వాడు ఇనప తలుపుని గుద్ది పగలగొడతాడు. లోపల ఎవరూ ఉండరు. వాడు ఒక్కడే నిలబడి సముద్రం చూస్తాడు. అయిపోయింది."

సుభానీ నోరు తెరిచాడు. "అదేంది మేడమ్? మరి అక్క? అన్నం గిన్నె?"

తొమ్మిదేళ్లప్పుడు పుస్తకం చంకన పెట్టుకుని మెట్లెక్కి, నువ్వు చెప్పేదంతా తప్పు అన్న పిల్ల, నన్ను రెండు చేతుల్తో ఎత్తి తన సంచిలో పెట్టుకుంటూ జవాబు చెప్పింది.

"పాపం, వాళ్లకి అసలు కథ తెలీదండీ."